పాత కారు, కొత్త ఇంజను: ఒక కోయంబత్తూరు ప్రయాణం

దిండుగల్లు నుంచి కోయంబత్తూరుకు సుమారు 160 కిలోమీటర్లు. ఆ దారిని మా ఇంటి అంబాసిడరు కారు ఎన్నిమార్లు తొక్కిందో లెక్కలేదు. అయితే కిందటి మార్గశిరంలో అది ఆ దారిన నడిచి పోలేదు, లారీ మీద ఎక్కి పోయింది. వెనుక అద్దెకారులో నేనూ, ఎనభై అయిదేండ్ల మా నాయనా. రోగిని పెద్దాసుపత్రికి తీసికొనిపోయే బంధువుల్లాగ ఉన్నాము. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం అది తన కాళ్ళ మీదనే వచ్చింది. ఆ రాకపోకల కథ ఇది. కారు లేనివారు పుట తిప్పవద్దని మనవి. ఇందులో కారు సంగతి సగమైతే, ఊరి సంగతీ మనుషుల సంగతీ సగం.

ఆ కారును మా తాతగారు 1958లో కొన్నారు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్సువారు అంబాసిడరును చేయ మొదలుపెట్టిన తొలిరోజుల బండి అది. అప్పటికి మా నాయనకు పద్ధెనిమిదేండ్లు. బండి ఇంటికి వచ్చిన వారంలోనే టెంకాయ కొట్టి, అందరినీ ఎక్కించుకొని, పళని పోయి వచ్చారట. అది మొదలు ఏటేటా తైపూసం వెళ్ళి, జనం పలుచబడ్డాక ఆ కారులో పళని పోవడం మా ఇంటి ఆచారమైపోయింది. తాతగారు పోయారు, అవ్వ పోయింది, పిల్లలు తలొక ఊరు పట్టారు. ఆచారం మాత్రం నిలిచింది.

రెండేండ్ల కిందట, ఒట్టంచత్రం కూరగాయల సంత దాటిన తరువాత, బండి ముందునుంచి ఆవిరి లేచింది. చల్లార్చి, నీళ్ళు పోసి, మెల్లగా తోలుకొని ఇల్లు చేరాము. మరునాడు నూనె చూచే పుల్లను బయటికి తీస్తే, దాని మీద నూనె మజ్జిగలాగ తెల్లగా ఉన్నది. ఇంజను సంగతి తెలిసినవారికి ఇంతకంటె చెప్పనక్కరలేదు. నీరూ నూనే ఒకదానిలో ఒకటి కలిసిపోయాయన్నమాట. ఊళ్ళో మెకానిక్కు హెడ్డు విప్పి చూచి, మూడో సిలిండరు అంచుకూ పక్కనున్న వాల్వు పీటకూ నడుమ వెంట్రుకవంటి చీలికను వేలితో చూపించాడు.

"బ్లాకే పగిలింది సార్. ఇక పాత ఇనుముకు వేయడమే" అన్నాడు.

మా నాయన ఆ మాట విని, ఏమీ అనకుండా లేచి వెళ్ళి బండి మీద టార్పాలిన్ కప్పారు. ఆ యేడు పళని పోలేదు. మరుసటి యేడూ పోలేదు. బస్సులో పోదామన్నా, టాక్సీలో పోదామన్నా "చూద్దాంలే" అనేవారు. ఎనభై దాటిన మనిషి "చూద్దాంలే" అంటూ ఉంటే వినడం కష్టం. చివరకు నేనే, "నాయనా, కోయంబత్తూరు తీసికొనిపోదాం. అక్కడ కుదరదంటే అప్పుడు చూద్దాం" అన్నాను. ఆయన మారుమాట్లాడకుండా చొక్కా తొడుక్కున్నారు.

కోయంబత్తూరికే ఎందుకని ఒడిశాలోనో మహారాష్ట్రలోనో ఉన్న చదువరులు అడగవచ్చు. తమిళదేశంలో ఇనుముతో పని పడితే ముందుగా చెప్పే పేరు అదే. దానికి కారణమున్నది. ఆ ఊరి చుట్టూ పత్తి పండే నల్లరేగడి నేలలు. పత్తి ఉన్నచోటికి నూలుమిల్లులు వచ్చాయి. 1910లో జి. కుప్పుస్వామి నాయుడుగారు లక్ష్మీ మిల్లు స్థాపించారు. 1930ల మొదట నీలగిరులలోని పైకారా నుంచి జలవిద్యుత్తు దిగివచ్చింది. దానితో మిల్లులు పెరిగాయి, బావుల మీద కరెంటు పంపులు కూర్చున్నాయి. మిల్లులో ఒక పన్ను విరిగినా, పంపులో ఒక చక్రం అరిగినా, సీమనుంచి తెప్పించాలంటే నెలలు పట్టే రోజులవి. కనుక ఊళ్ళోనే పోతపోసేవారు, తరిణె పట్టేవారు, బోరింగు చేసేవారు తయారయ్యారు. 1926లో పి.ఎస్.జి. ధర్మసంస్థ ఏర్పడి పనివిద్య నేర్పింది. 1937లో జి.డి. నాయుడుగారూ, డి. బాలసుందరం నాయుడుగారూ కలిసి మన దేశంలో తొలి విద్యుత్ మోటారును తయారుచేశారు. ఈ పేర్లు చూస్తేనే తెలుస్తున్నది గదా! తరతరాల కిందట ఆ సీమకు పోయి స్థిరపడిన తెలుగు కుటుంబాలవారు వీరు. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. మనవంటివారే.

పళని దాటేసరికి ఎండ ఎక్కింది. దూరంనుంచే కొండ కనపడింది. లారీ ఆగలేదు, మేమూ ఆగలేదు. మా నాయన కారులోనుంచే చేతులు జోడించి, "తిరిగి వచ్చేటప్పుడు" అన్నారు. స్వామితో అన్నారో, నాతో అన్నారో!

పళని నుంచి ఉడుమలైపేట మీదుగా పొల్లాచ్చి వరకు ఉన్న దారి నాకు చాలా ఇష్టం. ఎడమవైపు కొండలు వెంబడే వస్తాయి. పడమట కొండల వరుస పాలఘాటు దగ్గర తెగి, ఆ సందులోనుంచి గాలి తోసుకొని వస్తుంది. ఆ గాలిని పట్టడానికే ఉడుమలైపేట చుట్టుపక్కల పొలాలలో ఎత్తైన గాలిమరలు నిలబెట్టారు. పొల్లాచ్చి దగ్గరికి వచ్చేసరికి కొబ్బరితోటలు చల్లగా కమ్ముకొంటాయి. ఆ ఊరి పశువుల సంత, బెల్లపు మండీ పేరుపొందినవి.

ఈ దారికి మరొక గొప్ప ఉన్నది. 1920లో జి.డి. నాయుడుగారు ఒకే ఒక బస్సు కొని, తామే డ్రైవరుగా కూర్చొని, పొల్లాచ్చికీ పళనికీ నడుమ నడిపారు. కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో 1893లో పుట్టిన రైతుబిడ్డ ఆయన. ఆ ఒక్క బస్సే తరువాత పెద్ద మోటారు సర్వీసు సంస్థ అయింది. "ఆ రోజుల్లో బస్సు నడిపేవాడే మెకానిక్కు కూడాను. దారిలో చెడితే దారిలోనే విప్పాలి, దారిలోనే బిగించాలి" అన్నారు మా నాయన. ముందు లారీ మీద టార్పాలిన్ కింద ఊగుతున్న మా బండిని చూస్తూ అన్నారు.

కిణత్తుక్కడవు దాటి, సాయంత్రానికి కోయంబత్తూరు చేరాము. మాకు చెప్పిన షెడ్డు ఆవారంపాళయం వైపు ఒక సందులో ఉన్నది. ఆ సందుల్లో నడుస్తుంటే ఒక ఇంట్లో గ్రైండరు రాయి చెక్కుతున్న మోత, పక్క ఇంట్లో తరిణె మోత, ఆ పైయింట్లో పంపును నీళ్ళతొట్టిలో పెట్టి పరీక్షిస్తున్న మోత. వాకిట్లో ముగ్గు, ముగ్గు పక్కన ఇనుప రజను.

మేస్త్రికి యాభై దాటి ఉంటాయి. మేము తమిళంలో మొదలుపెడితే, మా నాయన నాతో అన్న ఒక మాట చెవిని వేసికొని, "తెలుగోళ్ళా? రాండి పెద్దనాయనా, రాండి, కూర్చోండి" అని స్టూలు తుడిచి వేశాడు. ఆయన తెలుగులో నట్టు, బోల్టు, చక్రం, సమ్మెట అన్నిటికీ తమిళమో ఇంగ్లీషో తగిలి ఉన్నది. మా నాయన నవ్వితే, ఆయనా నవ్వి, "మా తెలుగులో సగం స్పేర్లు తమిళం స్పేర్లే పెద్దనాయనా. అయినా బండి నడుస్తాంది" అన్నాడు.

ఆ రాత్రే హెడ్డు విప్పి, దీపం పెట్టి, చాలాసేపు చూచాడు. తరువాత మాకు పాఠం చెప్పినట్టు చెప్పాడు. ఆ పాఠాన్ని నాకు అర్థమైనంత మేరకు ఇక్కడ వ్రాస్తాను.

ఇంజనులో బ్లాకు అనేది ఇంటికి గోడలవంటిది. నాలుగు సిలిండర్ల రంధ్రాలు, వాటి చుట్టూ నీళ్ళు పారే కాలువలు, కింద క్రాంకు షాఫ్టు తిరిగే పీటలు, అన్నీ ఒకే పోత ఇనుపముద్దలో ఉంటాయి. మిగతావి అరిగితే మార్చుకోవచ్చు. బ్లాకు పగిలితే ఇల్లే పగిలినట్టు. మా బండిలోని బ్లాకు 1476 సి.సి.ల సైడ్ వాల్వు రకం. అంటే, పెట్రోలు గాలిని లోనికి వదిలే తలుపులూ, పొగను బయటికి పంపే తలుపులూ సిలిండరు నెత్తిన ఉండవు, దాని పక్కనే బ్లాకులోనే నిలబడి ఉంటాయి. పొగ పోయే తలుపు ఎప్పుడూ నిప్పులాగ కాగుతుంది. దానికీ సిలిండరుకూ నడుమ ఉన్న ఇనుము పలుచన. కాగి, చల్లారి, మళ్ళీ కాగి, ఏండ్లు గడిచేసరికి అక్కడే చీలుతుంది. మా బండిది కొత్త రోగం కాదు, ఆ జాతికి ఉన్న రోగమే.

తరువాత వచ్చిన రకం 1489 సి.సి.ల ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను. దాన్ని బి.ఎమ్.సి. వారి బి-సిరీస్ అంటారు. ఇందులో తలుపులు నెత్తిన, హెడ్డులో ఉంటాయి. రెండింటి కొలతలు చూడండి. పాతదానిలో సిలిండరు వ్యాసం 73.5 మిల్లీమీటర్లు, పిస్టను పైకీ కిందికీ నడిచే దూరం 87. కొత్తదానిలో 73, 88.9. మొత్తం మీద తేడా 13 సి.సి.లు, అంటే రెండు మూడు చిన్న చెంచాల నీళ్ళు పట్టేంత. అయినా పాతదాని బలం నలభై హార్సుపవరు దగ్గర ఉంటే, కొత్తది 55. ఇనుము పెరగలేదు, గాలి వచ్చే దారి తిన్నబడింది. పక్కగదిలోనుంచి వంగి దూరి రావలసిన గాలి, ఇప్పుడు నేరుగా పైనుంచి దిగుతుంది. అదే కిటుకు.

ఇందులో ఒక విచిత్రముంది. ఇంగ్లండులో 1954లో వచ్చిన మారిస్ ఆక్స్‌ఫర్డు రెండవ సిరీసు కారుకు ఈ కొత్త 1489 ఇంజనే పెట్టారు. ఆ కారు ఒడలిని మన ఉత్తరపారాకు తెచ్చి ల్యాండుమాస్టరు అని పేరుపెట్టినప్పుడు మాత్రం దానిలో పాత 1476నే కూర్చోబెట్టారు. ఆక్స్‌ఫర్డు మూడవ సిరీసు ఒడలితో అంబాసిడరు వచ్చినప్పుడూ తొలుత అదే పాత ఇంజను. 1959లో గాని మన అంబాసిడరుకు 1489 రాలేదు. అంటే కొత్త ఒంటికి పాత గుండె, ఆ తరువాత అదే ఒంటికి కొత్త గుండె, రెండూ కార్ఖానాలోనే జరిగాయి. అటుతరువాత డీజిలు వచ్చింది. 1990ల తొలి ఏండ్లలో జపానువారి ఇసుజు 1817 సి.సి. ఇంజను, అయిదు గేర్లతో వచ్చింది. 2014 మేలో ఉత్తరపారాలో అంబాసిడరు తయారీ ఆగిపోయేవరకు ఆ కారు బ్రతికినదే ఇంజన్లు మార్చుకొంటూ బ్రతికింది.

"మీ బండి ఒక యేడు ముందు పుట్టింది పెద్దనాయనా. అంతే దాని తప్పు" అన్నాడు మేస్త్రి.

మూడు దారులు చెప్పాడు. మొదటిది, చీలికను ఇనుప మేకులతో కుట్టి, సిలిండరుకు స్లీవు వేయడం. వెల్డింగు వేడి లేకుండా, చీలిక పొడుగునా రంధ్రాలు పెట్టి, ఒకదానిని ఒకటి ఆనుకొనేలా మరమేకులు దింపే పని అది. చేయవచ్చు, అయితే వాల్వు పీట దగ్గరి చీలిక గనుక ఎన్నాళ్ళు నిలుస్తుందో పూచీ లేదు. రెండవది, తరువాతి అంబాసిడరు నుంచి తీసిన 1489 బ్లాకును దాని గేరుబాక్సుతో సహా కూర్చోబెట్టడం. మూడవది ఇసుజు. కుర్రవాళ్ళు దానినే అడుగుతారట. "దానికి పరుగెక్కువ. పరుగు పెంచితే బ్రేకూ పెంచాలి. మీది నాలుగు పక్కలా డ్రమ్ము బ్రేకు. గేరు కడ్డీ స్టీరింగు దగ్గరనుంచి నేలకు దిగుతుంది. దానికి నేల కోయాలి" అన్నాడు.

కోయాలి అనగానే మా నాయన తల అడ్డంగా ఊపారు.

మరునాడు మేస్త్రి నూనెదుడుచుకొంటూ ఇంకొక సంగతి చెప్పాడు. అది నాకు తెలియనిది. 2021లో కేంద్రప్రభుత్వం పాతకార్ల కొరకు ఒక నిబంధన చేసింది. యాభై ఏండ్లు దాటి, పుట్టినప్పటి రూపంలోనే ఉండి, పెద్ద మార్పులేవీ జరగని బండికి వింటేజి అని వేరే రిజిస్ట్రేషను, వేరే నంబరుపలక ఇస్తారు. గౌరవమే. కాని ఆ బండిని రోజువారీ పనికి రోడ్డు మీద నడపరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు మాత్రం తీయవచ్చు. "మీ బండి పాత ఇంజనుతోనే ఉంటే దానికి ఆ గౌరవం దొరకవచ్చు. ఇంజను మారిస్తే దొరకదు. ఆలోచించుకోండి. ఈ రోజు ఊరు చూచి రాండి" అని పంపించాడు.

పాత ఇంజను ఉంచి అలంకారంగా పెట్టుకోవడమా, మార్చి నడుపుకోవడమా? సంగతి కొత్త మలుపు తిరిగింది. ఆ బండి మా తాతగారి ఆస్తి, ఆయన చేయి పడిన ఇంజను. పుట్టినప్పటి నంబరు, రిజిస్ట్రేషను పుస్తకంలోని నంబరు ఇప్పటికీ ఒకటే. అటువంటి బండ్లు ఇక ఎన్ని ఉంటాయి? మార్చిన తరువాత అది తాతగారి కారేనా? నాకు పాలుపోలేదు. నిజం చెప్పాలంటే నేను అలాగే ఉంచుదామనే పక్షాన ఉన్నాను.

మేము అవినాశి రోడ్డులోని జీడీ కార్ మ్యూజియానికి పోయాము. జి.డి. నాయుడుగారి పేర 2015లో తెరిచినది. ఇంగ్లండు, జర్మనీ, ఫ్రాన్సు, అమెరికా, జపాను, ఇన్ని దేశాల పాతకార్లు ఒకేచోట మెరుస్తూ నిలిచి ఉన్నాయి. మోటారుబండి ఎట్లా పుట్టి ఎట్లా పెరిగిందో పిల్లలకు చూపించాలంటే ఇంతకంటె మంచి చోటు లేదు. కోయంబత్తూరు పోయే మన కుటుంబాలవారు తప్పక చూడవలసినది. నాయుడుగారు 1974లో పోయారు. ఆయన పాతవస్తువు దేనినీ చులకన చేయని మనిషి, అలాగే కొత్త పద్ధతి దేనినీ కాదనని మనిషి. ఆ రెండు గుణాలూ ఒకే మనిషిలో ఉండడం అరుదు.

మా నాయన చేతులు వెనుకకు కట్టుకొని ప్రతి బండి ముందూ ఆగుతూ చూచారు. చివరి వరుస దాటాక నా భుజం మీద చేయి వేసి, "బాగున్నాయి. ఇంత శుభ్రంగా ఉంచడం సామాన్యం కాదు. అయితే నేల చూచినావా? ఇన్ని బండ్లు ఉన్నాయి, ఎక్కడా ఒక్క నూనెచుక్క లేదు" అన్నారు.

"ఉండదు గదా నాయనా, అవి నడవవు."

"అదే అంటున్నాను. వీటికి తగిన చోటు ఇది. మనది ఇంకా కొన్నాళ్ళు నూనె కారనీ."

అంతటితో నా వాదన ముగిసింది. బండి ఎవరిది? తాతగారిది. తాతగారు దానిని ఎందుకు కొన్నారు? ఇంటివారిని ఎక్కించుకొని పోవడానికి. ఆయన కోరికను నిలబెట్టేది ఇంజను నంబరా, ప్రయాణమా? ఇంత సులువైన లెక్క నాకు తట్టలేదు.

షెడ్డుకు తిరిగి వచ్చి మా నాయన మేస్త్రికి మూడు షరతులు చెప్పారు. ఒకటి, బండి ఒడలికి ఎక్కడా కోత పెట్టరాదు, కొత్త రంధ్రం వేయరాదు. రెండు, పాత ఇంజనూ పాత గేరుబాక్సూ ఒక్క బోల్టు కూడా తప్పకుండా మాకు తిరిగి ఇవ్వాలి. మూడు, కాగితాలు సక్రమంగా జరగాలి. "రేపు నా మనవడో మునిమనవడో దీనిని పాతరూపానికి తేవాలనుకొంటే, వాడికి దారి మూసినవాణ్ణి నేను కారాదు" అన్నారు. మేస్త్రి చేతులు జోడించి, "ఇట్లా చెప్పేవాళ్ళు లేరు పెద్దనాయనా" అన్నాడు.

కాగితాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే చిక్కుకొంటారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పుస్తకంలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చాలంటే ముందుగా అధికారి అనుమతి కావాలి. మార్చిన తరువాత 14 రోజులలోగా తెలియజేసి, కొత్త ఇంజను నంబరును పుస్తకంలో ఎక్కించుకోవాలి. కనుక మేము బండిని అక్కడే వదిలి ఊరికి వచ్చి, అర్జీ పెట్టి, అనుమతి వచ్చిన తరువాతనే మేస్త్రికి ఫోను చేశాము. కొత్త ఇంజను ఏ బండిలోనిదో, ఆ బండి కాగితాలు కూడా తీసికొన్నాము. భీమా కంపెనీకీ వ్రాశాము. కాగితం లేని ఇంజను ఎంత చవకగా వచ్చినా దొంగసొత్తు కావచ్చును. ఇంట పెట్టుకోరాదు.

ఇంజనును మేస్త్రి ఉక్కడంలో పాతసామానుల అంగడిలో ఏరి తెచ్చాడు. ఏరడంలోనే సగం పని ఉన్నదన్నాడు. బ్లాకును కడిగించి, నీటికాలువలను మూసి, ఒత్తిడి పెట్టి చీలిక లేదని చూచాడు. సిలిండర్లు అరిగి కోడిగుడ్డు ఆకారమయ్యాయి. వాటిని బోరింగు చేయించి, ఆ కొలతకు తగిన పెద్ద పిస్టన్లు వేశాడు. క్రాంకు షాఫ్టును గ్రైండింగు చేయించి కొత్త బేరింగులు కూర్చాడు. హెడ్డులో వాల్వు పీటలకు గట్టి ఉక్కు వలయాలు దిగగొట్టించాడు. ఎందుకంటే, మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో నిలిచిపోయింది. ఆ సీసమే వెనుకటి మెత్తని పీటలను కాపాడేది. అలాగే 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఎథనాలు కలుస్తున్నది. అది పాత రబ్బరును తినేస్తుంది. కనుక పెట్రోలు గొట్టాలు, పంపులోని పొర అన్నీ దానికి తట్టుకొనే రకంవి వేశాడు.

మేము రెండవమారు పోయేటప్పటికి బండి నోరు తెరుచుకొని ఉన్నది. లోపల ఏమీ లేదు. చైను కప్పీకి వేలాడదీసిన కొత్త ఇంజనును, గేరుబాక్సుతో సహా, ఏటవాలుగా వంచి లోనికి దించారు. మేస్త్రి ఒకవైపు, కుర్రవాడు ఒకవైపు. మా నాయన అడుగు దూరంలో నిలబడి ఊపిరి బిగపట్టి చూచారు. పాత పీటలు కొత్త బ్లాకుకు కుదరవు. కాని బండిలో ఉన్న పాతరంధ్రాలకే సరిపోయేటట్టు మేస్త్రి కొత్త బ్రాకెట్లు చేసి పెట్టాడు. గేరుబాక్సు పొడవు మారింది గనుక, వెనుకచక్రాలకు శక్తిని తీసికొనిపోయే ప్రొపెల్లరు షాఫ్టు కొలత మారింది. పాతదానిని కోయకుండా వేరొకటి తెచ్చి, కొలతకు కోసి, అతికించి, మరమీద తూకం చూపించాడు. ఆ తూకం లేకపోతే వేగంలో బండంతా వణుకుతుందట. పొగగొట్టం ముందుభాగం కొత్తది. గేరు కడ్డీ మాత్రం స్టీరింగు దగ్గరనే, తాతగారు పెట్టుకొన్న చోటనే ఉన్నది. బ్యాటరీ ప్లస్సు కొస ఛాసీకి కట్టే వెనుకటి పద్ధతిని కూడా మార్చలేదు. దానిని మరచిపోయి ఎవరైనా తారుమారుగా కట్టకుండా, బ్యాటరీ మీద ఒక చీటీ అతికించాడు.

మూడవ నాటి సాయంత్రం బిగింపులన్నీ ముగిశాయి. మొదటి రెండుమార్లు స్టార్టరు తిరిగిందేగాని ఇంజను అందుకోలేదు. మేస్త్రి డిస్ట్రిబ్యూటరును గోరంత తిప్పాడు. మూడవమారు అందుకొన్నది. షెడ్డులోని పిల్లలు చప్పట్లు కొట్టారు. మా నాయన మాత్రం తల వంచి చెవి ఒగ్గి వింటున్నారు.

"గొంతు మారింది" అన్నారు. ఇంకేమీ అనలేదు. నాకు గుండె గుబేలుమన్నది.

మరునాడు తెల్లవారుజామున మంచులో బయలుదేరాము. కొత్తగా బోరింగు చేసిన ఇంజను గనుక మొదటి కొన్నివందల కిలోమీటర్లు తొందర పెట్టవద్దన్నాడు మేస్త్రి. పొల్లాచ్చి వరకు మా నాయన పలకలేదు. పొల్లాచ్చి దాటి, కొబ్బరితోటల నడుమ గతుకుల దారి ఒకటి వచ్చింది. బండి వెనుకటిలాగే మెల్లగా ఒరిగి, లేచి, ఊగి, కుదురుకొన్నది. ఆయన సీటు మీద చేయి తట్టి, "గొంతు మారింది గాని, నడక అదేరా" అన్నారు.

నిజమే. ముందరి టార్షను బార్లు అవే, వెనుకటి పట్టీల స్ప్రింగులు అవే, సోఫావంటి ఆ సీట్లు అవే. ఇంజను బండిని లాగుతుంది గాని, బండి నడిచే తీరును ఇంజను నిర్ణయించదు.

పళనిలో అడివారంలో బండి ఆపి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాము. మా నాయన మెట్లెక్కలేరు గనుక వించిలో కొండ ఎక్కి, దర్శనం చేసికొని, పంచామృతం డబ్బా చంకన పెట్టుకొని దిగివచ్చారు. వచ్చీరాగానే బండి ఎక్కలేదు. బానెట్టు ఎత్తమన్నారు. నూనె చూచే పుల్లను తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీసి, ఎండకు పట్టి చూచారు. తేనెలాగ నిర్మలంగా ఉన్నది. పుల్లను నాకు ఇచ్చి, "పెట్టెయ్" అన్నారు.

ఇంటి కొట్టంలో పాత టార్పాలిన్ ఇప్పుడు పాత ఇంజను మీద కప్పి ఉన్నది. బ్లాకుకు గ్రీజు పూసి, చెక్కపెట్టెలో దించి, దాని నంబరూ, తీసిన తేదీ, చీలిక ఎక్కడ ఉన్నదో, అన్నీ ఒక కాగితం మీద మా నాయనే స్వయంగా వ్రాసి పెట్టెలోపల అతికించారు. మీ ఇళ్ళలోనూ కొట్టంలో కప్పిపెట్టిన బండి ఒకటి ఉంటే, పాత ఇనుముకు వేసేముందు ఒకమారు మంచి మేస్త్రికి చూపించండి. మార్చవలసినది మార్చండి, ఒడలిని కోయకండి, తీసినదానిని పారవేయకండి. తాతలు కొన్న బండిలో ఎక్కి కూర్చునే తాతలు ఇంట్లో ఉండగానే ఆ పని చేయండి.

ఈ యేడు తైపూసం వెళ్ళిన తరువాత మళ్ళీ పళని పోవాలి. మా నాయన ఇప్పటినుంచే తేదీ అడుగుతున్నారు.